రెండో చరణం, మూడో పాదం

ఎరలమ్మే కొట్టు వెనక గదిలో
మంగళవారం సాయంత్రాలు కలుస్తాం, పదకొండు మందిమి.
తొట్లలో చిన్న చేపల చప్పుడు.
కిటికీ అవతల సుపీరియర్ సరస్సు,
డులూత్ రేవులో ఇనుప రాయి నింపుకుంటున్న ఓడ మూలుగు.
పాటలు రాసుకునేవాళ్లం.
పాడటం అందరికీ రాదు,
అందుకే డబ్బిచ్చి పాడించుకుంటాం.
కోశాధికారిని నేను, అంటే
కాఫీ డబ్బా నా దగ్గరుంటుంది.

నిరుడు మార్లిస్ తన డెమో తెచ్చింది.
తొమ్మిది వందల డాలర్లు పోసి చేయించుకున్నది.
మంచు పగిలి మునిగిపోయిన మరిది మీద పాట.
గిటారు తళతళలాడింది, డ్రమ్ములు బుద్ధిగా నడిచాయి,
ఎవరో అమ్మాయి తేనె పూసిన గొంతుతో
ఆ మరిదిని నవ్వుతూ నవ్వుతూ ముంచేసింది.
మేం చప్పట్లు కొట్టాం.
కొట్టాలి కదా.

మూడు వారాలకి ఐనో తనది పెట్టాడు.
అడవి బియ్యం కోతల పాట, పడవల్లో వేళాకోళాల పాట.
అదే గిటారు. అవే డ్రమ్ములు.
అదే అమ్మాయి
అదే చోట అదే ఊపిరి పీల్చుకుంది.
ముందు నవ్వొచ్చింది.
చావుకీ పంటకీ ఒకే దుప్పటి కప్పారన్నారెవరో.
మార్లిస్ మాత్రం నవ్వలేదు.
తన సీడీని స్వెటర్ అంచుతో తుడిచి సంచిలో పెట్టుకుంది,
దెబ్బ తగిలిన పిల్లని లోపలికి తీసుకుపోయినట్టు.

ఈ నోటుపుస్తకం ఆ రాత్రి మొదలైంది.

డెల్ఫీన్ ముప్పై ఏళ్లు రేవులో
యూనియన్ ఒప్పందాలు చదివిన మనిషి.
ఒక్కో వాక్యాన్నీ చూపుడువేలితో నొక్కిపట్టి చదువుతుంది,
వదిలితే పారిపోతుందేమో అన్నట్టు.
మొదటి పేజీలో అరచేతిలో వైకుంఠం.
తొమ్మిదో పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో,
రికార్డు చేసినవాడిదే పాట.

ఫిడేలు వాయించేదెవరని నేనొక ఉత్తరం రాశాను.
"అనుభవజ్ఞులైన మా బృందం" అని జవాబు.
బృందానికి పేరుండదా? వేళ్లుండవా?
మళ్లీ రాశాను.
ఈసారి క్రిస్మస్ తగ్గింపు ధరల పట్టిక వచ్చింది.

డబ్బా ఊడ్చి ఒకే పాటని మూడు చోట్లకి పంపాం.
మార్లిస్ పాటే, ఆమె గొంతుతోనే,
వంటింట్లో పాడుకున్నది, వెనక ఫ్రిజ్ రొదతో సహా.

ఒకటి రెండు రోజుల్లో వచ్చింది,
వార్నిష్ ఇంకా ఆరనట్టు జిడ్డుగా.
ఒకటి ఇప్పటికీ వస్తూనే ఉంది.
మూడో చోటి నుంచి పాట రాలేదు, ఫోనొచ్చింది.
వంతెన దాటితే విస్కాన్సిన్, అక్కడొక కారు షెడ్డు.
వెనకాల పసిపిల్ల ఏడుపు.
లోవెల్ క్రోగ్‌స్టాడ్‌నండీ అన్నాడు.
"రెండో చరణం, మూడో పాదంలో
కాఫీ పొంగుతోంది అన్నాక ఆవిడ ఆగిపోతోంది.
తప్పా, కావాలనా?
సరిచెయ్యనా, ఉంచనా?"

మార్లిస్ ఫోను చెవికి ఆనించుకుని చాలాసేపు ఊరుకుంది.
తొట్టిలో గాలిబుడగలు వినపడ్డాయి.
"ఆ రోజు అక్కడే తలుపు కొట్టారు" అంది.
"అయితే ఉంచుతాను" అన్నాడు.

వచ్చిన పాట గొప్పగా ఏం లేదు.
గొంతు కాస్త బొంగురు.
ఎక్కడో వెనక్కి నడుస్తున్న లారీ కూత, సన్నగా.
కానీ మూడో పాదం దగ్గర ఆ పాట ఆగింది,
గదిలో మేమంతా తలుపు వైపు చూశాం.

కవరులో పన్నెండు డాలర్లూ ఒక చీటీ:
"ఫిడేలు సోల్వైగ్‌కి జలుబు. నేనే వాయించాను.
నా వాయింపుకి అంత ఖరీదు లేదు."

అతని పేరు పెన్సిల్‌తో రాశాను.
మనుషులు మారతారు, షెడ్లు స్టూడియోలవుతాయి,
తాలూ గింజా చెరగడం ఒక పూటతో తీరే పని కాదు.
కింద నాలుగు గీతలు ఖాళీగా వదిలాను.
పక్కన ఏం రాస్తావు, మంచివాడనా? అన్నాడు ఐనో.
"అడిగాడు అని రాయి చాలు" అంది మార్లిస్.

డెల్ఫీన్ ఆ చీటీని కూడా
వేలు పెట్టి చదివింది.
చదివి, వెనక్కి తిప్పి చూసింది.
వెనక ఏమీ లేదు.